వేలమందికి తెలిసిన రహస్యం: ఎలూసిస్ దీక్షల గురించి

క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం తొలి దశకాల్లో, కోర్టు ప్రసంగాలు రాసివ్వడంలో ఏథెన్స్ అంతటా పేరు తెచ్చుకున్న లీసియాస్‌కు మెటనీరా అనే స్త్రీతో సంబంధం ఉండేది. ఆమె స్వతంత్రురాలు కాదు. కొరింథు నగరంలో నికరెటె అనే ఆవిడ పసి ఆడపిల్లలను కొని, పెంచి, వేశ్యావృత్తిలోకి దించి సంపాదించేది. అలా కొన్న ఏడుగురిలో మెటనీరా ఒకతె. లీసియాస్ ఆమె మీద ఎంత ఖర్చు పెట్టినా ఆ డబ్బు చివరికి యజమానురాలి పెట్టెలోకే చేరేది. అందువల్ల అతను ఒక ఆలోచన చేశాడు. ఏథెన్స్ దగ్గరి ఎలూసిస్ అనే ఊళ్ళో, ధాన్యదేవత డిమీటర్ రహస్య క్రతువుల్లో ఆమెకు దీక్ష ఇప్పిస్తే, ఆ ఒక్క ఖర్చు మాత్రం పూర్తిగా ఆమెదే అవుతుంది, నికరెటె దాన్ని లాక్కోలేదు. ఇంట్లో భార్య, వృద్ధురాలైన తల్లి ఉన్నందున మర్యాద పాటించి, మెటనీరాను, ఆమె యజమానురాలిని, ఇంకా పెళ్ళి కాని ఫిలోస్ట్రాటస్ అనే స్నేహితుడి ఇంట్లో దించాడు. చాలా ఏళ్ళ తరువాత నెయేరా అనే మరో స్త్రీ మీద నడిచిన కేసులో అపొలోడొరస్ చేసిన ప్రసంగం వల్ల ఈ సంగతి మనదాకా వచ్చింది. ఆ ప్రసంగం ప్రసిద్ధ వక్త డెమొస్తనీస్ రచనలతో కలిసి భద్రపడింది.

ప్రాచీన గ్రీకు మతంలోని రహస్య దీక్షల గురించి నేను చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించినది ఈ చిన్న లెక్క. తన ఒంటి మీద తనకే హక్కు లేని మనిషికి కూడా, మరొకరు తీసుకోలేని ఆస్తి ఒకటి ఉండవచ్చునని ఆ కాలపు ఏథెన్స్ పౌరుడొకడు మామూలు వ్యవహారంగా అనుకోగలిగాడు. ఆ ఆస్తి ఒక దర్శనం. ఆ దర్శనం గురించి బయట చెప్పడం నేరం. ఈ రెండు సంగతులకూ విడదీయరాని సంబంధం ఉందని నా నమ్మకం, ఈ వ్యాసంలో నేను వాదించబోయేది కూడా అదే. ఎలూసిస్ రహస్యం కొద్దిమంది పెద్దల గుప్పిట్లో దాగిన జ్ఞానం కాదు. చూసిన ప్రతి మనిషికీ ఆ చూపు సొంతంగా మిగలడానికి, దాన్ని ఇంకొకరు వివరించి, తూకం వేసి, చేతుల్లోకి తీసుకోకుండా ఉండడానికి పెట్టిన కట్టుబాటు అది.

రహస్యం అనగానే మన మనసు మొదట అనుమానం వైపు మొగ్గుతుంది, అందులో తప్పు కూడా లేదు. తిరుక్కోష్టియూరు నంబి దగ్గరికి రామానుజులు పద్దెనిమిది సార్లు నడిచి వెళ్ళి మంత్రార్థం సంపాదించారనీ, ఎవరికీ చెప్పకూడదన్న మాటను పక్కన పెట్టి గోపురమెక్కి అందరికీ వినిపించారనీ చెప్పే కథ వింటూ పెరిగినవాళ్ళం మనం. ఆ కథలో రహస్యం అంటే గడప దగ్గర ఆపేయడం. దాన్ని బద్దలు కొట్టడమే కరుణ. ఎలూసిస్ గురించి చదివే తెలుగు పాఠకుడు ఆ కొలతబద్దనే అక్కడికీ తీసుకుపోతాడు. కాని ఎలూసిస్‌లో గడప దగ్గర ఆపడం దాదాపు లేదు. గ్రీకు భాష అర్థం కావాలి, చేతులకు హత్యాదోషం అంటి ఉండకూడదు. ఈ రెండు షరతులూ తీరితే పురుషుడైనా స్త్రీ అయినా, పౌరుడైనా పరదేశి అయినా, బానిస అయినా లోపలికి రావచ్చు. క్రీ.పూ. 329 నాటి ఎలూసిస్ ఆలయ ఖర్చుల శాసనంలో నగరానికి చెందిన బానిసలకు ప్రభుత్వ సొమ్ముతో దీక్ష ఇప్పించిన పద్దు ఉంది. ఓటు వేసే సభలోకీ న్యాయస్థానపు పీఠం మీదికీ స్త్రీలనూ బానిసలనూ ఎన్నడూ రానివ్వని నగరం, తన అతి పవిత్రమైన మందిరంలోకి వాళ్ళను రానిచ్చింది.

ఎలూసిస్ ఏథెన్స్‌కు వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సలామిస్ ద్వీపానికి ఎదురుగా సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి దేవతలు ధాన్యమాత డిమీటర్, ఆమె కూతురు పెర్సెఫొనీ. హోమర్ పేరుతో ప్రచారంలో ఉన్న డిమీటర్ స్తోత్రం వాళ్ళ కథ చెబుతుంది. ఆ స్తోత్రం మనకు ఒకే ఒక్క రాతప్రతిలో దక్కింది, అది 1777లో మాస్కోలో బయటపడింది. పచ్చిక బయలులో పూలు కోస్తున్న పెర్సెఫొనీని పాతాళానికి రాజైన హేడిస్ ఎత్తుకుపోతాడు. తల్లి రెండు చేతులా కాగడాలు పట్టుకుని, అన్నం నీళ్ళు ముట్టకుండా తొమ్మిది రోజులు వెదుకుతుంది. చివరికి ముసలమ్మ వేషంలో ఎలూసిస్ చేరి, ఊరి బావి దగ్గర కూర్చుంటుంది. నీళ్ళకు వచ్చిన రాజు కెలియస్ కూతుళ్ళు ఆమెను ఇంటికి తీసుకుపోతారు. ఆ ఇంట్లో ఆమె నోరు విప్పదు, తినదు. ఇయాంబె అనే దాసి పరాచికాలాడి నవ్విస్తుంది. రాణి ద్రాక్షసారా ఇవ్వబోతే వద్దని, బార్లీ, నీళ్ళు, పుదీనా జాతి లేత ఆకు కలిపిన కికియోన్ అనే పానీయం అడిగి తాగుతుంది. ఆ రాణి పేరు కూడా మెటనీరాయే.

ఆపై కథ మన పాఠకులకు కొంత తెలిసినదే. డిమీటర్ కోపానికి భూమి మొలక ఎత్తడం మానేస్తుంది, మనుషులు చచ్చిపోతే దేవతలకు నైవేద్యాలు ఉండవని జ్యూస్ దిగివస్తాడు, కూతురు తిరిగి వస్తుంది. అయితే పాతాళంలో దానిమ్మగింజ తిన్నందున ఏడాదిలో మూడో వంతు అక్కడే ఉండాలి. ఆ తరువాత డిమీటర్ ఎలూసిస్ పెద్దలకు తన క్రతువులను చూపిస్తుంది. వాటిని అతిక్రమించకూడదు, ఆరా తీయకూడదు, బయట పలకకూడదు. దేవతల పట్ల భక్తిభయం గొంతును ఆపేస్తుంది అంటుంది స్తోత్రం. వెంటనే, వాటిని చూసినవాడు ధన్యుడనీ, చూడనివాడికి చచ్చిన తరువాత చీకటిలో ఆ భాగ్యం ఉండదనీ చెబుతుంది. నేర్చుకున్నవాడు, నమ్మినవాడు అనే మాటలు అక్కడ లేవు. చూసినవాడు అన్న మాటే ఉంది.

దీక్షలో చాలా భాగం బహిరంగంగా, పట్టపగలు, నగరం నడిబొడ్డున జరిగేదన్న సంగతి రహస్యాల మీద మోజుతో రాసేవాళ్ళు సాధారణంగా దాటేస్తారు. వసంతం మొదలయ్యే ముందు ఏథెన్స్‌లోనే ఇలిస్సస్ నది పక్కన చిన్న దీక్షలు జరిగేవి. పెద్ద దీక్షలు శరదృతువులో, బోయెడ్రోమియోన్ నెలలో వచ్చేవి. వాటి కోసం గ్రీకు నగరాలన్నిటికీ దూతలు వెళ్ళి 55 రోజుల యుద్ధవిరామం ప్రకటించేవారు. ఎలూసిస్ నుంచి పవిత్ర వస్తువులను మూతపెట్టిన పెట్టెల్లో, యువసైనికుల కాపలాతో ఏథెన్స్ తెచ్చేవారు. మరునాడు జనం గుమికూడిన చోట, ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో బిగ్గరగా చాటేవారు. తల్లిని చంపించిన నీరో చక్రవర్తి గ్రీసులో తిరుగుతున్నప్పుడు ఆ చాటింపుకు జంకి దీక్షకు పోలేదని స్వెటోనియస్ రాశాడు.

ఆ మరునాడు దీక్ష తీసుకునే వాళ్ళందరూ సముద్రానికి పోవాలని కేక పడేది. ప్రతి ఒక్కరూ తమ వెంట ఒక పందిపిల్లను తీసుకుపోయి, దానితో పాటు తామూ సముద్రంలో మునిగి, ఆ తరువాత దాన్ని బలి ఇచ్చేవారు. ఆ పందిపిల్ల ఖరీదు పేదవాడికి భారమే. అరిస్టోఫెనీస్ నాటకంలో ఒక రైతు, చచ్చేలోపు దీక్ష తీసుకోవాలి, పందిపిల్లకు మూడు ద్రాఖ్మాలు అప్పివ్వమని అడుగుతాడు. క్రీ.పూ. 322లో మాసిడోనియా సైన్యం ఏథెన్స్‌లో దిగిన ఏడాది, రేవులో పందిపిల్లను కడుగుతున్న ఒక దీక్షితుణ్ణి పెద్ద సముద్రజంతువు పట్టి నడుము కిందిభాగం తినేసిందని ప్లూటార్క్ రాశాడు. నగరానికి రాబోయే కీడుకు దాన్ని సూచనగా తీసుకున్నారు. ఇంత జనం మధ్య, ఇంత సందడిగా, ఇంత ప్రమాదంతో జరిగిన పనిని గుప్తసంఘం అనడం నాకు సరిపడదు.

కొన్ని రోజుల తరువాత ఊరేగింపు బయలుదేరేది. పురోహితులు, పెట్టెలు మోసే స్త్రీలు, దీక్ష తీసుకునేవాళ్ళు, వాళ్ళను నడిపించే అనుభవజ్ఞులు, బంధువులు, మూటలు మోసే గాడిదలు, అందరూ కలిసి ఇయాకోస్ దేవుణ్ణి కేక వేసి పిలుస్తూ 20 కిలోమీటర్లు నడిచేవారు. దారిలో కెఫిసస్ నది వంతెన దగ్గర ముసుగు వేసుకున్నవాళ్ళు ఊళ్ళోని పెద్దలను పేరు పెట్టి బూతులు తిట్టేవారు. ఇయాంబె పరాచికాలతో తల్లి నవ్వింది కదా, దుఃఖపు దారిలో ఆ నవ్వుకు కూడా చోటిచ్చారు. క్రీ.పూ. 480లో సలామిస్ యుద్ధానికి ముందు, పర్షియన్లు ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికా ప్రాంతాన్ని తగలబెట్టి జనమంతా పారిపోయిన వేళ, 30,000 మంది నడిస్తే లేచేంత దుమ్ము ఎలూసిస్ వైపు నుంచి లేచిందనీ, అందులోంచి ఇయాకోస్ కేక వినిపించిందనీ హెరొడోటస్ ఒక కథ చెప్పాడు. నడవడానికి మనుషులు లేని ఏడాది ఊరేగింపు దానంతట అదే నడిచిందని ఆ కథ అర్థం. అది ఏథెన్స్ ప్రజల గుండెలో ఎంత లోతుగా నాటుకుందో చెప్పడానికి నాకు ఈ ఒక్క కథ చాలు.

రాత్రి దాకా వచ్చిన తరువాత తలుపు మూసుకుంటుంది. లోపలి మందిరం పేరు టెలెస్టీరియన్. సాధారణ గ్రీకు గుడి దేవత విగ్రహానికి ఇల్లు. జనం బయట నిలబడతారు. ఇది అలా కాదు, జనం లోపల ఉండడానికే కట్టిన హాలు. క్రీ.పూ. ఐదో శతాబ్దంలో పెరిక్లీస్ కాలపు నిర్మాణం ఒక్కో పక్క సుమారు 50 మీటర్ల చదరం. లోపల 42 స్తంభాలు, గోడల పొడవునా మెట్లు, వాటి మీద దాదాపు 3,000 మందికి చోటు. నడుమ అనాక్టోరోన్ అనే చిన్న గది. దానిలోకి ప్రధాన పూజారి హైరోఫాంట్ ఒక్కడే వెళ్ళేవాడు. అతను యూమోల్పిడ్ వంశంవాడు, కాగడా పట్టేవాడు కెరికెస్ వంశంవాడు.

ఆ మెట్ల మీద నేను కాసేపు కూర్చున్నాను. పడమటి వైపు వాటిని కొండరాయిలోనే తొలిచారు కాబట్టి ఇంకా నిలిచి ఉన్నాయి. అరుగులా కాస్త ఇరుకు, రాయి అంచులు అరిగి నున్నగా అయ్యాయి. స్తంభాల అడుగు దిమ్మలు వరుసగా కనిపిస్తాయి. ఏ చోట కూర్చున్నా, నలభై పైచిలుకు స్తంభాలు నిలిచి ఉంటే నడుమ గది సగమైనా అడ్డుపడుతుంది. నాటకశాలలు కట్టడంలో ప్రపంచానికే పాఠం చెప్పిన జాతి, అందరికీ స్పష్టంగా కనిపించాలనుకుంటే ఇలా కట్టేది కాదు. ఇక్కడ ముఖ్యమైనది రంగస్థలం మీది దృశ్యం కాదనీ, చీకటి, నిరీక్షణ, పక్కవాళ్ళ ఊపిరి, హఠాత్తుగా వచ్చిన వెలుగు అనీ ఆ రాళ్ళ అమరికే నాకు చెప్పింది. పెర్సెఫొనీ పాతాళం నుంచి పైకి రావడానికి వీలుగా నేలమాళిగలు, యంత్రాలు ఉండేవని పూర్వం కొందరు ఊహించారు. 1882 నుంచి గ్రీకు పురావస్తు సంఘం జరిపిన తవ్వకాల్లో అలాంటివేమీ బయటపడలేదు.

ఆ కొండ మీద ఇప్పుడు మెసోస్పొరిటిస్సా అనే పేరుతో మేరీమాతకు చిన్న గుడి ఉంది. నవంబరులో విత్తనాలు సగం చల్లిన సమయానికి ఊళ్ళో ఆడవాళ్ళు రకరకాల గింజలు ఉడికించి, రొట్టెలు పట్టుకుని ఆమె దగ్గరికి వస్తారు. చుట్టూ చమురుశుద్ధి కర్మాగారం, సిమెంటు గొట్టాలు, ఓడల మరమ్మతు రేవులు ఉన్న పట్టణంలో ఈ ఆచారం సాగుతోంది. 1801లో ఇంగ్లండు నుంచి వచ్చిన క్లార్క్ అనే యాత్రికుడు మందిరపు ద్వారం దగ్గరి స్త్రీ విగ్రహాన్ని తరలించుకుపోయినప్పుడు, పొలాలు పండేది ఆమె దయ వల్లనేనని నమ్మి ఆమె చుట్టూ ఎరువు పోగేసుకున్న ఊరివాళ్ళు ఎంతో బాధపడ్డారు. ఆ విగ్రహం ఎక్కిన ఓడ ఇంగ్లండు తీరం దగ్గర మునిగిపోయింది. విగ్రహాన్ని పైకి తీసి కేంబ్రిడ్జికి చేర్చారు, ఇప్పటికీ అది అక్కడే ఉంది. దాన్ని ఎలూసిస్‌కు తిరిగి ఇవ్వాలన్నది నా అభిప్రాయం, అది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

లోపల ఏం జరిగేది? చేసినవి, చెప్పినవి, చూపినవి అని ప్రాచీనులే మూడు భాగాలుగా చెప్పారు. మొదటిసారి వచ్చినవాళ్ళు ఒక స్థాయి, కనీసం ఏడాది ఆగి మళ్ళీ వచ్చినవాళ్ళు పై స్థాయి. క్రైస్తవ రచయిత అలెగ్జాండ్రియా క్లెమెంట్ దీక్షితుల సంకేతవాక్యం బయటపెట్టాడు: ఉపవాసమున్నాను, కికియోన్ తాగాను, పెట్టెలోంచి తీశాను, పని చేసి బుట్టలో పెట్టాను, బుట్టలోంచి తిరిగి పెట్టెలో పెట్టాను. మూడో శతాబ్దంలో హిప్పొలిటస్ అనే మరో క్రైస్తవ రచయిత ఇంకా ముందుకు పోయాడు. ఎలూసిస్‌లో పై స్థాయి దీక్షితులకు చూపే మహాద్భుతమైన, సంపూర్ణమైన రహస్యం, మౌనంలో కోసిన ఒక ధాన్యపు వెన్ను అని రాశాడు. దేవత పవిత్రమైన కొడుకును కన్నదని హైరోఫాంట్ మంటల వెలుగులో కేక వేసేవాడని కూడా ఆయనే రాశాడు. విరోధి రాత కాబట్టి ఆచితూచి తీసుకోవలసిందే. అయినా ధాన్యమాత మందిరంలో ధాన్యపు వెన్ను చూపడంలో అసంభవం ఏమీ లేదు.

నా వాదనకు ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు. హిప్పొలిటస్ చెప్పింది నిజమే అయితే, రహస్యం బయటపడి పద్దెనిమిది వందల ఏళ్ళు అయింది. ఇప్పుడు మీకూ తెలిసింది: ఒక వెన్ను. దాని వల్ల మీకు చావు భయం తగ్గిందా? నాకు తగ్గలేదు. ధాన్యపు వెన్నును గ్రీసులో ప్రతి రైతూ ప్రతి ఏడూ చూశాడు. తొమ్మిది రోజులు వెదికిన తల్లి కథలో తానూ ఒక పాత్రగా, ఉపవాసంతో, సముద్రస్నానంతో, పొద్దంతా నడకతో, చీకటిలో భయంతో అక్కడికి చేరిన మనిషికి ఆ వెన్ను వేరే వస్తువు. దీక్షితులు నేర్చుకోవలసింది ఏమీ లేదని, అనుభవించి ఒక స్థితికి రావలసి ఉందని అరిస్టాటిల్ అన్నట్టు సినీసియస్ ఉటంకించాడు. మరణంలో ఆత్మ పొందే అనుభవాన్ని ప్లూటార్క్ గొప్ప దీక్షతో పోల్చి రాసిన మాటలు మిగిలాయి: మొదట దారితప్పి తిరగడం, అలసట, చీకట్లో నడక, వణుకు, చెమట, ఆపైన ఒక అద్భుతమైన వెలుగు, పచ్చిక బయళ్ళు, పాటలు. చెప్పగలిగింది అంతవరకే. మిగిలింది చెప్పకూడనిది కావడం కన్నా చెబితే అందనిది కావడమే ఎక్కువ.

అందుకే 1978లో గోర్డన్ వాసన్, ఆల్బర్ట్ హాఫ్‌మన్, కార్ల్ రక్ కలిసి ప్రతిపాదించిన సిద్ధాంతం నన్ను ఒప్పించలేదు. కికియోన్‌లోని బార్లీకి ఎర్గాట్ అనే శిలీంధ్రం పట్టి ఉండేదనీ, అందులోని మత్తు పదార్థమే దర్శనాలకు కారణమనీ వాళ్ళ వాదం. మన సజ్జ చేలకు తేనెబంక తెగులు తెచ్చేది కూడా ఈ శిలీంధ్రపు కుటుంబమే. ఎల్‌ఎస్‌డీని తొలిసారి తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ కాబట్టి ఆ మాటకు బరువు వచ్చింది. స్పెయిన్‌లో గ్రీకు ప్రభావమున్న ఒక చోట, పాత్రలోను మనిషి పళ్ళ మీద గారలోను ఎర్గాట్ జాడ దొరికిందన్న వార్త దానికి ఇంకా ఊపిరి పోసింది. కాని ఎర్గాట్ విషం. కాళ్ళు చేతులు కుళ్ళిపోయే జబ్బు తెస్తుంది, గర్భస్రావాలు చేస్తుంది. గర్భిణులూ ముసలివాళ్ళూ కలిసిన వేలమంది గుంపుకు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, దాదాపు వెయ్యేళ్ళ పాటు ఏటేటా దాన్ని తాగిస్తే ఎవరూ జబ్బుపడలేదంటే నమ్మడం కష్టం. దీక్షలను నానా మాటలూ అన్న క్రైస్తవ రచయితలు తాగించి మైమరపించారన్న ఒక్క నింద మాత్రం వేయలేదు. ఆ అవకాశం ఉంటే వాళ్ళు వదిలేవారు కాదు.

అంతకంటే నాకు ముఖ్యమైన అభ్యంతరం వేరే ఉంది. పెట్టెలో ఏముంది, గిన్నెలో ఏముంది అని అడిగేవాళ్ళు, మనుషులకు జరిగినదాన్ని ఒక వస్తువుగా మార్చి చేతికందించమంటున్నారు. ఉపవాసం, నడక, నవ్వు, ఏడుపు, వేలమంది మధ్య చీకటి, ఇవేవీ చాలవని, మందు ఏదో ఉండి తీరాలని అనుకోవడం మనుషుల శక్తిని తక్కువ అంచనా వేయడమే.

ప్రాచీనుల్లోనే గట్టిగా ఎదురు ప్రశ్నలు వేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళను దాటిపోవడం న్యాయం కాదు. రెండో శతాబ్దపు తత్వవేత్త డెమొనాక్స్‌ను దీక్ష ఎందుకు తీసుకోలేదని నిలదీస్తే, ఆ క్రతువులు చెడ్డవైతే ఎవరూ అటు పోకుండా చెబుతాను, మంచివైతే మనుషుల మీద ప్రేమతో అందరికీ చెప్పేస్తాను, ఎలాగూ దాచలేను అన్నాడట. రామానుజుల కథకు ఇది ఎంత దగ్గరో చూడండి. ఈ జవాబు ఉదారమైనది, నాకు ఇష్టమైనది కూడా. కాని మంచిది చెబితే చేరుతుందన్న నమ్మకం మీద అది నిలబడింది. మంత్రం చెబితే చేరుతుంది, ఎందుకంటే మంత్రం మాట. ఎలూసిస్‌లోది మాట కాదు. మనుషుల మీద ప్రేమ ఉన్నవాడు అక్కడ చేయగలిగింది, లీసియాస్ చేసినట్టు, ఇంకొకరి పందిపిల్లకు డబ్బిచ్చి దారి ఖర్చు పెట్టుకోవడమే.

తత్వవేత్త డయోజెనీస్ ప్రశ్న ఇంకా పదునైనది. పటైకియోన్ అనే దొంగ దీక్ష తీసుకున్నాడు కాబట్టి చచ్చాక సుఖపడతాడు, మహావీరుడు ఎపామినోండస్ తీసుకోలేదు కాబట్టి బురదలో పడి ఉంటాడా అని అడిగాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. హత్య చేసినవాడిని తప్ప మరే పాపినీ ఎలూసిస్ వెనక్కి పంపలేదు. నువ్వు మంచివాడివా అని అడగలేదు. నీతిని బట్టి చూస్తే అది లోపమే. కాని ఎవరు అర్హులో తేల్చే అధికారం ఎవరికో ఒకరికి ఇచ్చి ఉంటే మెటనీరా ఎక్కడ ఉండేది? కొరింథులో ఒళ్ళు అమ్ముకునే బానిసను ఏ నీతిపరుల కమిటీ లోపలికి రానిచ్చేది? దొంగకు దొరికిన చోటు ఆమెకు దొరికిన చోటుకు చెల్లించిన మూల్యమని నేను అనుకుంటాను.

మనదేశం నుంచి పోయిన ఒక మనిషి కూడా ఈ కథలో ఉన్నాడు. అగస్టస్ చక్రవర్తి దగ్గరికి భారతదేశపు రాజు ఒకడు పంపిన రాయబారులతో పాటు వెళ్ళిన అతని పేరును గ్రీకులు జర్మనోచెగాస్ అనీ జర్మారస్ అనీ రాశారు. అతనిది బరిగజ, అంటే నేటి గుజరాత్‌లోని భరూచ్. క్రీ.పూ. 20 ప్రాంతంలో ఏథెన్స్‌లో అతను ఎలూసిస్ దీక్ష తీసుకున్నాడనీ, ఆ తరువాత బతికుండగానే చితిలోకి దూకాడనీ డియో కాసియస్ రాశాడు. ఒంటికి తైలం పూసుకుని, గోచీ మాత్రం కట్టుకుని, నవ్వుతూ మంటల్లోకి దూకాడని స్ట్రాబో రాశాడు. భారతీయుల వంశాచారం ప్రకారం తనను తాను అమరుణ్ణి చేసుకున్న బరిగజవాసి ఇక్కడ ఉన్నాడని అతని సమాధి మీద చెక్కారు. తన మార్గం తాను ఎంచుకుని వచ్చినవాడికి కూడా గ్రీకుల దర్శనం చూడాలనిపించింది. చూసి ఏమనుకున్నాడో చెప్పకుండానే వెళ్ళిపోయాడు. అయితే ఆ సంవత్సరం చక్రవర్తి కోసం దీక్షలను సమయం కాని సమయంలో జరిపారు. పేదరైతు మూడు ద్రాఖ్మాల అప్పు కోసం తిరిగిన చోట, చక్రవర్తి రాకకు పంచాంగమే జరిగింది. అధికారం ముందు ఎలూసిస్ కూడా వంగిందని ఒప్పుకోవాలి.

రహస్యానికి నగరం కాపలా కాసిన తీరు గురించి మాట్లాడకుండా ఈ వాదన ముగించలేను. తన నాటకాల్లో రహస్యాలు బయటపెట్టాడన్న నిందను ఎలూసిస్‌లోనే పుట్టిన ఎస్కిలస్ ఎదుర్కొన్నాడు. అవి చెప్పకూడనివని తనకు తెలియదన్నది అతని సమాధానమని అరిస్టాటిల్ ప్రస్తావించాడు. దీక్షలను ఎగతాళి చేసిన మెలోస్ డయాగొరస్ తలకు నగరం ఒక టాలెంటు వెండి వెల కట్టింది. క్రీ.పూ. 415లో సిసిలీ దండయాత్రకు ముందు, ఏథెన్స్ సేనాని ఆల్సిబయాడీస్ తన ఇంట్లో హైరోఫాంట్ దుస్తులు వేసుకుని స్నేహితులతో దీక్షలను అభినయించాడన్న ఆరోపణ వచ్చింది. అతను తప్పించుకుపోతే, అతను లేకుండానే మరణశిక్ష వేశారు, ఆస్తిని వేలం వేశారు, వేలం జాబితాలను రాళ్ళ మీద చెక్కించారు. పూజారులందరూ అతన్ని శపించాలని ఆజ్ఞాపించినప్పుడు థియానో అనే పూజారిణి ఒక్కతే నిరాకరించింది. తాను ప్రార్థించడానికి పూజారిణినయ్యాను గాని శపించడానికి కాదన్నది. ఎనిమిదేళ్ళ తరువాత, స్పార్టా సైన్యం భయానికి ఊరేగింపు సముద్రం మీదుగా పోతున్న కాలంలో, అదే ఆల్సిబయాడీస్ తిరిగి వచ్చి, సైన్యాన్ని కాపలా పెట్టి దీక్షితులను మళ్ళీ నేల మీద నడిపించాడు.

ఇంట్లో అభినయించడం నేరమెందుకైందో నేను అర్థం చేసుకోగలను. వేలమంది కలిసి నడిచి చేరుకునే చోటును, ధనికుడి ఇంట్లో కొద్దిమంది తాగుబోతుల వినోదంగా మార్చడం అందరి సొత్తును దొంగిలించడమే. క్రీ.పూ. 200 ప్రాంతంలో జరిగినది మాత్రం నాకు మింగుడుపడదు. అకర్నేనియా ప్రాంతం నుంచి వచ్చిన ఇద్దరు యువకులు దీక్ష లేకుండానే, ఏమిటో తెలియక, జనంతో కలిసి మందిరంలోకి వెళ్ళారు. లోపల వాళ్ళు అడిగిన అసందర్భపు ప్రశ్నల వల్ల దొరికిపోయారు. పొరపాటున వచ్చారని స్పష్టంగా తెలిసినా, ఘోరనేరం చేసినవాళ్ళలా వాళ్ళను చంపేశారని లివీ రాశాడు. అకర్నేనియా వాళ్ళు మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ సాయంతో వచ్చి అట్టికాను కత్తితో, నిప్పుతో పాడు చేశారు. ఏథెన్స్ ఆ యుద్ధంలో చిక్కుకుంది.

ఎలూసిస్ పద్ధతిని ఇంతగా సమర్థించిన నేనే, ఆ పద్ధతి ప్రకారమే ఈ శిక్ష తప్పని అంటాను. ఉపవాసం లేకుండా, సముద్రస్నానం లేకుండా, చేయి పట్టుకుని నడిపించే మనిషి లేకుండా లోపలికి వచ్చిన ఆ ఇద్దరూ అక్కడ ఏం చూసి ఉంటారు? కాగడాలు, జనం, ఒక పూజారి, బహుశా ఒక వెన్ను. చూసింది తమకు అందలేదు కాబట్టే పక్కవాళ్ళను ప్రశ్నలు అడిగారు. దీక్షితుడు ఎవడూ అడగవలసిన అవసరం లేని ప్రశ్నలవి. వాళ్ళను బతకనిచ్చి ఊరికి పంపి ఉంటే, అకర్నేనియాలో వాళ్ళు చెప్పేది హిప్పొలిటస్ రాసినదానికంటే ఎక్కువేమీ ఉండేది కాదు. ఇంత చిన్న సంగతి, ఆ రాత్రి వాళ్ళ మీద తీర్పు చెప్పిన యూమోల్పిడ్ పెద్దలకు, తరతరాలుగా ఆ వెన్నును చేత్తో పట్టుకుని చూపినవాళ్ళకు, అందరికంటే బాగా తెలిసి ఉండాలి.